మా ఫ్రిజ్‌లో కంటి చుక్కలు

మా అమ్మ తప్పు చేసింది. ఆ సంగతి నేను ఎవరి దగ్గరా దాచలేదు, దాచను కూడా. కాకపోతే ఆ తప్పు ఎత్తి చూపించే హక్కు ఎవరికుంది అన్న దగ్గరే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చదువు లేదనీ, మొండిదనీ, ఒంట్లో షుగర్ పెట్టుకుని సొంత వైద్యం చేసుకుందనీ నోటికొచ్చినట్టు అన్నవాళ్ళలో సగం మంది, అంతకుముందు పదేళ్ళ పాటు కన్నెర్రబడితే చాలు, మా గుమ్మంలోనే వచ్చి నిలబడ్డారు. అందుకే ఇది వేరేవాళ్ళు చెప్పే ముందు నేనే చెప్తున్నాను.

మాది భిలాయిలో క్యాంప్ వన్ అనే కార్మికుల బస్తీ. తొంభైల్లో మాట. మా సందులో ఒకరింటి గోడే ఇంకొకరింటి గోడ. సగం ఇళ్ళవాళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికని వచ్చి ఉండిపోయినవాళ్ళు. మా నాన్న ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్‌లో పనిచేసేవాడు. పక్కింటి పిన్ని భర్తకి నందిని గనుల్లో సున్నపురాయి దగ్గర పని. ఇలాంటి పనుల్లో కంట్లో ఏదో ఒకటి పడకుండా నెల గడవదు. అయితే బొగ్గు నలుసు, లేకపోతే సున్నం పొడి. ఫస్టెయిడ్ గదిలో కన్ను శుభ్రంగా కడిగి, చేతిలో ఒక చుక్కల సీసా పెట్టి, వారం రోజులు మానకుండా వేసుకోమని చెప్పి పంపేవారు. రెండో రోజుకే ఎరుపు పోయేది. ఎరుపు పోయాక ఇంకెందుకని మానేసేవారు. సీసాలో మూడొంతుల మందు అలాగే ఉండేది.

ఆ మిగిలిన మందు మా ఇంటికి చేరేది. ఎందుకంటే ఆ వరసలో ఫ్రిజ్ ఉన్నది మాకొక్కరికే. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక గుమాస్తా దగ్గర నాన్న కొన్న పాత ఫ్రిజ్ అది, తలుపు తీస్తే ఒక మూలుగు మూలిగేది. కంటి మందు చల్లగా ఉంటే పాడవదని ఎవరో అన్నారు. మొదట పిన్ని ఒక సీసా తెచ్చి పెట్టింది. తర్వాత ఎదురింటివాళ్ళు. ఆ తర్వాత ఎవరు పెట్టారో ఎవరు తీశారో లెక్క లేదు. అమ్మ ఒక పాత స్టీలు టిఫిన్ గిన్నె ఖాళీ చేసి వాటన్నిటినీ అందులో నిలబెట్టింది. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. మూత రంగు చూసి గుర్తు పెట్టుకునేది. నలుసు పడితే తెల్లమూత, పుసి కడితే నీలంమూత, చిన్నపిల్లలకి పసుపుమూత. ఎలా వచ్చిందో ఈ శాస్త్రం, తనకే తెలియాలి.

కన్ను నలుపుకుంటూ ఎవరైనా వస్తే అమ్మ గుమ్మంలో పీట వేసి కూర్చోబెట్టేది. తల వెనక్కి వంచి, కొంగుతో కన్ను తుడిచి, రెండు చుక్కలు వేసేది. ఎరుపు తగ్గగానే ఆపెయ్యమని గట్టిగా చెప్పేది. మందు మిగిలితే ఇంకొకరికి పనికొస్తుంది కదా. మా సందులో మందు మిగల్చడం అంటే మంచితనం. మొత్తం సీసా ఒక్కడే వాడేసినవాడిని వెనకాల నాలుగు మాటలు అనుకునేవారు కూడా. ఇదంతా ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ, అప్పుడు మాకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

అమ్మకి షుగర్ వచ్చి అప్పటికి చాలా ఏళ్ళయింది. బిళ్ళలు వేసుకునేది, నచ్చితే. పండగ రోజుల్లో బిళ్ళలకి కూడా సెలవే. అలా ఉండగా ఒక చలికాలంలో ఎడమకంట్లో నల్లటి మసక కమ్మింది. షుగర్ వల్ల లోపల రక్తం చిమ్మిందనీ, ఆ కన్ను ఇక రాదనీ, కుడికన్ను నిలబడాలంటే షుగర్ అదుపులో ఉండాలనీ రాయపూర్‌లో కంటి ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. అమ్మ అన్నీ విని బుద్ధిగా తల ఊపింది. ఇంటికి వచ్చాక, తిన్న అన్నానికీ కంట్లో చీకటికీ సంబంధం ఏమిటని నాన్నని నిలదీసింది. తన లెక్క ప్రకారం ఆ కన్ను ధూళి వల్ల పోయింది. ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంటే కంట్లో పడకుండా ఉంటుందా అని తన వాదన.

ఉన్న ఒక్క కన్నునీ కాపాడుకోవాలి కదా. అందుకని మర్నాటి నుంచి పొద్దున్నే స్నానం చేసి వచ్చి కుడికంట్లో తెల్లమూత మందు ఒక చుక్క వేసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కటే చుక్క, అదీ పొదుపుగా. దురద పెట్టినప్పుడు నీలంమూతది ఇంకో చుక్క. ఇలా ఒక రోజు కాదు, ఒక వారం కాదు, ఏడాది పైనే. నేను చూస్తూనే ఉన్నాను. దుర్గ్‌లో కాలేజీకి వెళ్ళి బీయెస్సీ చదువుతున్నదాన్ని, సూక్ష్మజీవుల బొమ్మలు రంగు పెన్సిళ్ళతో వేసుకుంటున్నదాన్ని, మా అమ్మ కంట్లో ఏం పడుతోందో ఒక్కసారి కూడా అడగలేదు. తప్పు ఎవరిదని తీర్పు చెప్పేవాళ్ళు ముందు నన్ను పట్టుకోవాలి.

ఆ ఎండాకాలం వడగాలులు మొదలైన వారంలో అమ్మ కుడికన్ను ఎర్రబడింది. తెల్లమూత వేసుకుంది, తగ్గలేదు. నీలంమూత వేసుకుంది, తగ్గలేదు. మూడో రోజుకి పసుపుమూత దాకా వచ్చింది. నాలుగో రోజు వెలుతురు చూడలేక తువ్వాలు ముఖం మీద కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. బలవంతంగా తువ్వాలు లాగి చూస్తే, నల్లగుడ్డు మీద బియ్యపు నూకంత తెల్లటి చుక్క. నాన్న డ్యూటీలో ఉన్నాడు. ఆయన కోసం ఆగకుండా పిన్నికి కబురు చెప్పి, పవర్ హౌస్ రైల్వే స్టేషన్లో లోకల్ రైలు ఎక్కించి అమ్మని రాయపూర్ తీసుకుపోయాను. దారంతా అమ్మ తలుపు పక్క సీట్లో కూర్చుని తన సంచీని ఒళ్ళో పట్టుకునే ఉంది. అందులో ఏముందో నాకు ఆసుపత్రికి వెళ్ళాకే తెలిసింది.

ఈసారి ఉన్న వేరే డాక్టరు దీపం పెట్టి చూసి, నల్లగుడ్డు మీద పుండు పడిందన్నాడు. ఏం మందు వేశారని నన్ను అడిగాడు. అమ్మ సంచీలోంచి టిఫిన్ గిన్నె తీసి బల్ల మీద పెట్టింది, అన్నీ తెచ్చానన్నట్టు. డాక్టరు సీసాలు ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా నిలబెట్టాడు. ఏడు. రెండింటి గడువు ఏనాడో తీరిపోయింది. ఆయన నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ చదువురాని జనం ఇంట్లో కూర్చుని కళ్ళు పోగొట్టుకుని, అంతా అయ్యాక డాక్టర్ల దగ్గరికి వచ్చి ఏడుస్తారని హిందీలో అన్నాడు. అమ్మకి హిందీ రాదనుకున్నాడు కాబోలు. ముప్ఫై ఏళ్ళు బజారు చేసిన మనిషికి ఆ మాత్రం హిందీ అర్థం కాకుండా ఉంటుందా? అమ్మ తల దించుకుంది. అంతే, నాకు తిక్క లేచింది.

“ఈ సీసాలు మా అమ్మ ఇంట్లో వండలేదండీ,” అన్నాను అదే హిందీలో. “ఏడూ మీలాంటి చదువుకున్నవాళ్ళు ఇచ్చినవే. మధ్యలో మానేస్తే ఏమవుతుందో ఈ సీసాల మీద ఏ భాషలో రాసుందో చూపించండి, మా అమ్మతో చదివిస్తాను.”

మమ్మల్ని బయటికి గెంటేస్తాడనే అనుకున్నాను. గెంటలేదు. సీసా ఒకటి తిప్పి చూసి, కింద పెట్టి, అమ్మని వెంటనే చేర్చుకోమని నర్సుకి చెప్పాడు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డవాడు కాదు. అలసిపోయిన మనిషి. కానీ అలసిపోయినవాళ్ళ కోపమంతా మాలాంటి వాళ్ళ మీదే ఎందుకు పడుతుందో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

పుండు మీద నుంచి గోరంత గీకి పరీక్షకి పంపించారు. మూడో రోజు డాక్టరు నన్ను పిలిపించాడు. నువ్వు చదువుకున్న పిల్లవి కదా, వచ్చి చూడు అన్నాడు, కొంత ఎత్తిపొడుపుగానే. ఒక గాజు పళ్ళెం చూపించాడు. పళ్ళెం అంతా పలచగా మీగడ పరిచినట్టు అమ్మ కంట్లోని క్రిములు పెరిగి ఉన్నాయి. వాటి మీద అక్కడక్కడా చిన్న కాగితపు బిళ్ళలు. ఒక్కో బిళ్ళలో ఒక్కో మందు ఉంటుందట. పనిచేసే మందైతే దాని చుట్టూ క్రిములు చచ్చి గుండ్రంగా ఖాళీ కనిపించాలి. అమ్మ వాడిన మూడు మందుల బిళ్ళల చుట్టూ ఖాళీ అన్నదే లేదు. క్రిములు వాటి అంచు దాకా దర్జాగా పెరిగి ఉన్నాయి. ఒకే ఒక్క బిళ్ళ చుట్టూ మాత్రం గాజు కనిపిస్తోంది.

ఆయన విడమరిచి చెప్పాడు, ఈసారి నవ్వకుండా. మందు వేసిన మొదటి రెండు రోజుల్లో బలం లేని క్రిములు చస్తాయి, ఎరుపు తగ్గుతుంది. గట్టివి ఇంకా మిగిలే ఉంటాయి. అప్పుడు ఆపేస్తే ఆ గట్టివే పిల్లల్ని పెడతాయి. రోజుకి ఒక్క చుక్క చొప్పున ఏడాది పాటు వేస్తే వాటిని చంపినట్టు కాదు, మందుకి అలవాటు చేసినట్టు. ఆ పైన షుగర్ ఉన్న ఒంట్లో పుండు మానడం కష్టం. ఉన్న ఒక్క దారి, ఆ ఒక్క బిళ్ళలోని మందు. అది చుక్కలుగా దొరకదు. ఇంజెక్షన్ పొడిని నీళ్ళలో కలిపి గంటగంటకీ వెయ్యాలి. షుగర్ దించడానికి ఇన్సులిన్ సూదులు పొడవాలి. కన్ను నిలుస్తుందా అని అడిగాను. పుండు ఆగితే నిలుస్తుంది, గుడ్డు చిల్లు పడితే నిలవదు, ఇప్పుడే చెప్పలేనన్నాడు.

అమ్మకి ఇది చెప్పడం నావల్ల కాలేదు. అక్కడ గుంటూరు వైపు నుంచి వచ్చిన నర్సమ్మ ఒకావిడ ఉండేది, మెడలో సన్నటి శిలువ గొలుసు, గొంతు మాత్రం పెద్దది. ఆవిడే మంచం పక్కన కూర్చుని చెప్పింది. చేతులు సబ్బుతో కడుక్కోకుండా కన్ను ముట్టుకోకూడదు. సీసా మూతి రెప్పకి గానీ వెంట్రుకకి గానీ తగలకూడదు. తగిలితే ఆ కంట్లోది సీసాలోకి, సీసాలోది ఇంకో కంట్లోకి పోతుంది. ఒకరి సీసా ఇంకొకరు వాడకూడదు. అమ్మ అంతా విని మొండికేసింది. “నా సేతి మీద ఇన్నేళ్ళల్లో ఎవులి కన్నూ పోనేదు,” అని గోడవైపు తిరిగింది. చుక్కలు వెయ్యడానికి వెళ్తే కన్ను మాత్రం తెరిచేది.

సాయంత్రం పూట ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది. పక్కింటి పిన్ని కూతురు పురిటికి వచ్చి ఉంది. ఆ అమ్మాయి నెలల పిల్లకి కళ్ళు అంటుకుపోతున్నాయని తీసుకొస్తే, రాయపూర్ వచ్చే ముందు రోజు అమ్మ పసుపుమూత మందు వేసింది. తన కంట్లో వేసుకున్న అదే సీసా, అదే చేత్తో.

“నా కంట్లో పురుగు ఆ గుంటకి ఎక్కిందేటే?” అని అడిగింది.

తెలియదన్నాను. అబద్ధం చెప్పి ఉండాల్సింది, కానీ నోరు రాలేదు. అమ్మ లేచి కూర్చుని టిఫిన్ గిన్నె ఇమ్మంది. కళ్ళు మూసుకునే, మూతలు తడిమి, ఏది ఎవరు తెచ్చిందో చెప్తూ ఒక్కొక్కటే నర్సమ్మ చేతిలో పెట్టింది. అవి సందులో వాళ్ళవి కదా, అడగకుండా పారేస్తే ఊరుకుంటారా అన్నాను. “తిట్టుకోనీ. నన్నే కదా తిడతారు,” అంది. ఏడో సీసా ఇచ్చేటప్పుడు మాత్రం ఏడ్చింది. కంటికి మంచిది కాదని నర్సమ్మ కోప్పడితే, ఏడుపు కూడా నీ చీటీ ప్రకారమే ఏడవాలా అని ఆవిడ మీదే విరుచుకుపడింది.

మర్నాడు నేను భిలాయి వెళ్ళి పిన్నికి చెప్పాను, గుంటని వెంటనే డాక్టరుకి చూపించమని. మందులన్నీ పారేశామని కూడా చెప్పాను. పిన్ని నన్ను కింద నుంచి పైదాకా చూసింది. “మీయమ్మ కన్ను పాడైతే మా మందులేటి సేసినాయే?” అంది. నాలుగు అక్షరాలు వచ్చేసరికి ఊరిని ఉద్ధరించడానికి బయల్దేరాననీ, ఇన్నాళ్ళూ లేని జబ్బులు ఇప్పుడే ఎలా పుట్టాయనీ సందంతా వినేలా అడిగింది. నేనూ తగ్గలేదు. గుంటని ఆ పూటే చూపించకపోతే మీ గుమ్మంలోనే కూర్చుంటానన్నాను, కూర్చున్నాను కూడా, రిక్షా వచ్చేదాకా. దేవుడి దయవల్ల ఆ పిల్లకి కన్నీటి దారి మూసుకోవడం తప్ప ఇంకేమీ లేదు. పిన్ని మాత్రం నాతో చాలా రోజులు మాట్లాడలేదు.

అమ్మ మూడు వారాలు ఆసుపత్రిలో ఉంది. గంటగంటకీ చుక్కలు, పూటపూటకీ సూదులు. సూది అంటేనే పారిపోయే మనిషి, నర్సమ్మ దగ్గర నేర్చుకుని తన పొట్టలో తనే పొడుచుకోవడం మొదలుపెట్టింది. గుడ్డు చిల్లు పడలేదు. పుండు మానింది. మానిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. అది చూపుకి ఎంత అడ్డం వస్తుందో రెండు నెలలు పోయాక గానీ చెప్పలేమన్నాడు డాక్టరు.

ఆ రెండు నెలలూ అమ్మ మమ్మల్ని చంపుకు తిన్నది. కనిపిస్తోందా అని ఎవరైనా అడిగితే చాలు, కస్సుమనేది. నాన్న ఒకసారి ఊరుకోలేక కంటి ముందు మూడు వేళ్ళు పెట్టాడు. ఆ మూడు వేళ్ళూ ఒడిసి పట్టుకుని, డ్యూటీకి టైమయింది పొమ్మంది. గోడ తడుముకుంటూ నడిచేది. అన్నం పళ్ళెంలో కూర ఎటుందో వేలితో వెతుక్కునేది. అది అలవాటో, నిజంగానే కనపడకో మాకు తెలియనివ్వలేదు. తన కన్ను గురించి ఊళ్ళోవాళ్ళు అయ్యో అనడం తనకి ఇష్టం లేదు. కన్నతల్లి చూపు ఉందో పోయిందో తెలియకుండా ఒకే ఇంట్లో ఉండటం ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

జనం రావడం మాత్రం మానలేదు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అమ్మ గుమ్మంలో కూర్చునేది. ఎవరైనా కన్ను నలుపుకుంటూ వస్తే, చుక్కలకి బదులు చీవాట్లు పెట్టేది. డాక్టరు దగ్గరికి పో, చెప్పినన్ని రోజులూ వెయ్యి, తర్వాత సీసా పారెయ్యి. మనిషికో సీసా. చెయ్యి కడుక్కో. ఇవే మాటలు తెలుగులో, ఇవే మాటలు కూరగాయల బండి ఆవిడకి హిందీలో. ఈవిడకి కన్నుతో పాటు మతి కూడా పోయిందని అన్నవాళ్ళున్నారు. నేను విన్నాను, వాళ్ళ ముఖం మీదే సమాధానం చెప్పాను. అమ్మ మాత్రం లెక్క చెయ్యలేదు. “నా సేత్తో నేర్పిన తప్పు నా నోటితోనే మాన్పించాలి,” అంది నాతో.

రెండు నెలలూ నిండాయి. లోకల్లో రాయపూర్ వెళ్ళాం. ఆ పూట ఓపీలో జనం కిక్కిరిసి ఉన్నారు. పరీక్ష గదిలో గోడ వారగా ఉన్న బెంచీ మీద మమ్మల్ని కూర్చోబెట్టారు. గదికి ఆ చివర కుర్చీలో ఒక ముసలాయన తల వెనక్కి వాల్చి కూర్చున్నాడు. మా డాక్టరు హడావిడిగా ఆయన రెప్ప ఎత్తి ఏవో చుక్కలు వేసి, బయట కూర్చోమని పంపి, మమ్మల్ని పిలిచాడు. అమ్మ చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తనే నడిచి వెళ్ళి కుర్చీలో కూర్చుంది. డాక్టరు కళ్ళద్దాలు తీయించి, బల్ల మీది సీసా అందుకుని, అమ్మ రెప్ప మీద వేలు పెట్టబోయాడు.

అమ్మ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

“ఆ సీసా వొద్దు బాబూ,” అంది, తనకొచ్చిన బజారు హిందీలో. “దాని మూతి ఇందాకల ఆ ముసిలాయన రెప్పకి తగిలింది. నాను సూసినాను.”

డాక్టరు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. సీసా వైపు చూశాడు. అమ్మ ముఖంలోకి చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, గదికి ఆ చివర మేము లేచి వచ్చిన బెంచీ వైపు చూశాడు. నాకు అప్పటికి గానీ తెలిసిరాలేదు. రెండు నెలలుగా మేమెవరం అడిగినా చెప్పని సంగతి అమ్మ ఇప్పుడు చెప్పేసింది. నోరు నొక్కుకుని గోడకి ఆనుకున్నాను, ఏడుపు ఆగలేదు.

“ఎక్కణ్ణించి చూశావమ్మా?” అని అడిగాడు డాక్టరు.

“అక్కణ్ణించే,” అంది అమ్మ బెంచీ చూపిస్తూ. “ఉన్నది ఒక్క కన్నే గదా, దాంతోటే.”

ఆయన ఆ సీసాని చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్ళాడు. సబ్బుతో కడుక్కున్నాడా లేదా అని అమ్మ కుర్చీలోంచి మెడ తిప్పి మరీ చూస్తూ కూర్చుంది.